మూడుసార్లు కొట్టేసినా నాలుగోసారి నిలబడ్డ చట్టం: కెనడా కలప వ్యాపారి పీటర్ మెక్‌లారెన్ తగాదా

శాసనసభ పాస్ చేసిన బిల్లును గవర్నరు ఎన్నాళ్లు దగ్గర పెట్టుకోవచ్చు, కేంద్రం దాన్ని ఆపేయవచ్చా అన్న చర్చ మన దగ్గర కొన్నేళ్లుగా నలుగుతూనే ఉంది. పెండింగులో ఉన్న పది బిల్లుల కోసం 2023 మార్చిలో తెలంగాణ ప్రభుత్వం సుప్రీంకోర్టుకు వెళ్లింది. తమిళనాడు కేసులో 2025 ఏప్రిల్‌లో ఒక తీర్పు వచ్చింది. అదే ఏడాది నవంబరులో, రాష్ట్రపతి పంపిన ప్రశ్నలకు రాజ్యాంగ ధర్మాసనం జవాబు చెప్పింది. ఈ చర్చల్లో కెనడా పేరు కూడా తరచూ దొర్లుతుంది. బలమైన కేంద్రం ఉన్న సమాఖ్య ఎలా ఉంటుందో చూడటానికి మన రాజ్యాంగం రాసినవాళ్లు పరిశీలించిన దేశాల్లో అదొకటి.

అక్కడ ఇదే రకం పేచీ 1880ల్లో ముదిరింది. మొదలైంది మాత్రం రాజకీయ వేదిక మీద కాదు, అడవిలో, దుంగలు కొట్టుకొచ్చే ఓ వాగు దగ్గర. పీటర్ మెక్‌లారెన్ అనే కలప వ్యాపారి ఇంకో కలప వ్యాపారిని తన వాగులోంచి దుంగలు తేనివ్వనన్నాడు. ఆ మాట మీద కేసు లండన్ దాకా వెళ్లింది, ఒక చట్టం నాలుగుసార్లు పుట్టింది, ప్రధానమంత్రికీ ఒంటారియో ప్రావిన్సు (మన రాష్ట్రం లాంటిది) ప్రీమియర్‌కూ, అంటే అక్కడి ముఖ్యమంత్రికీ, మూడేళ్లు పోరు నడిచింది. చాలా చోట్ల ఈ కథను ‘కేంద్రం మీద రాష్ట్రం గెలుపు’ అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. నాకైతే అది సరిపోదనిపిస్తుంది. ఇందులో రెండు వేరు వేరు ప్రశ్నలు కలిసిపోయి ఉన్నాయి. ఆ చట్టం న్యాయమైనదా అన్నది ఒకటి. న్యాయమో కాదో తేల్చే హక్కు ఎవరిది అన్నది రెండోది. అప్పట్లో రెండు పక్షాలవాళ్లూ తమకు వీలైనప్పుడల్లా ఒకదానికి ఇంకోదాని జవాబు చెబుతూ పోయారు.

దుంగలు నీళ్ల మీద ఎలా నడిచేవి

రోడ్లు, రైళ్లు సరిగా లేని రోజుల్లో అడవిలో కొట్టిన చెట్టు సామిల్లుకు చేరాలంటే ఏరే దారి. ఒట్టావా నది లోయలో పని ఇలా సాగేది. చలికాలంలో కూలీల ముఠాలు అడవిలో బస చేసి పైన్ చెట్లు కొట్టేవి. గడ్డకట్టిన మంచు మీద గుర్రపు బళ్లతో దుంగలను వాగు ఒడ్డుకు లాగేవారు. ఏ దుంగ ఎవరిదో తెలిసేలా దాని కొసన సుత్తితో గుర్తు కొట్టేవారు. వసంతంలో మంచు కరిగి వాగులు పొంగగానే దుంగలన్నీ నీళ్లలోకి. గడకర్రలు పట్టుకుని మనుషులు వాటి వెంట నడిచేవారు, ఎక్కడైనా ఇరుక్కుంటే విడదీసేవారు. ఆ పొంగు కొన్ని వారాలే. అప్పటికి కిందకు చేరని దుంగ మరుసటి ఏడాది దాకా అడవిలోనే పడి ఉంటుంది. పెట్టిన పెట్టుబడీ దానితోపాటే.

అన్ని వాగులూ ఈ పనికి పనికిరావు. కొన్నిచోట్ల బండరాళ్లు, కొన్నిచోట్ల జలపాతాలు, కొన్నిచోట్ల నీళ్లు చాలవు. అందుకని వ్యాపారులు సొంత డబ్బుతో వాగులను బాగు చేసుకునేవారు. పైన చిన్న ఆనకట్ట కట్టి నీళ్లు నిలిపి, దుంగలు సిద్ధమయ్యాక ఒక్కసారి వదిలేవారు. జలపాతం పక్కన చెక్కతో జారుడు కాలువ కట్టేవారు, దుంగ రాళ్ల మీద పడి పగిలిపోకుండా. రాళ్లు పేల్చి దారి వెడల్పు చేసేవారు. మన కథలో మాటిమాటికీ వచ్చే ‘మెరుగులు’ ఇవే.

ఇంకో విషయం. ఆ అడవుల్లో ఎక్కువ భాగం ప్రైవేటు ఆస్తి కాదు, సర్కారువి. చెట్లు కొట్టుకునే హద్దులకు ప్రావిన్సు ప్రభుత్వం లైసెన్సు ఇచ్చేది, కొట్టిన కలప మీద రుసుము వసూలు చేసేది. ఒంటారియో ఖజానాకు అది చిన్న ఆదాయం కాదు. అంటే ఒక వాగు మూతపడితే పైనున్న వ్యాపారితోపాటు సర్కారుకూ నష్టమే. ప్రీమియర్‌కు ఈ వాగుల మీద అంత పట్టుదల ఎందుకో అర్థం కావాలంటే ఇది గుర్తుంచుకోవాలి.

మెక్‌లారెన్, కాల్డ్‌వెల్

పీటర్ మెక్‌లారెన్ 1830ల ఆరంభంలో లానార్క్‌లో పుట్టాడు. ఇప్పటి ఒంటారియో తూర్పు భాగంలో స్కాట్లాండ్ నుంచి వచ్చినవాళ్లు ఎక్కువగా స్థిరపడిన ప్రాంతం అది. చిన్న వయసులోనే కలప పనిలో దిగాడు. తర్వాత గిల్లీస్ కుటుంబంతో భాగస్వామ్యంలో మిసిసిపి నది మీద అడవి హద్దులు, కార్ల్‌టన్ ప్లేస్‌లో సామిల్లు సంపాదించాడు. కొంతకాలానికి ఆ వ్యాపారమంతా తన చేతికిందకు తెచ్చుకున్నాడు. ఈ మిసిసిపి అమెరికాలోది కాదు, ఒట్టావా నదిలో కలిసే చిన్న ఏరు. పేరొక్కటే పెద్దది.

మెక్‌లారెన్ ఆ ఏటి ఎగువ భాగంలోనూ, దాని ఉపవాగుల్లోనూ మెరుగులు చేయించాడు. మెరుగులున్న చోట్ల వాగు అడుగు నేల కూడా తన సొంతమేనన్నది ఆయన వాదన.

బాయిడ్ కాల్డ్‌వెల్ కూడా లానార్క్‌లోని స్కాట్లాండ్ మనిషే. కలపతోపాటు ఉన్ని మిల్లు కూడా నడిపేవాడు. ఆయన అడవి హద్దులు మెక్‌లారెన్ మెరుగులకు ఎగువన ఉన్నాయి. దుంగలు కిందకు రావాలంటే మెక్‌లారెన్ ఆనకట్టలు, కాలువలు దాటాల్సిందే. కాల్డ్‌వెల్ దాటిస్తానన్నాడు, మెక్‌లారెన్ కుదరదన్నాడు. 1880లో మెక్‌లారెన్ కోర్టుకెళ్లి ఇంజంక్షన్, అంటే కాల్డ్‌వెల్‌ను ఆపే ఉత్తర్వు, తెచ్చుకున్నాడు.

1849 నాటి ఒక్క వాక్యం మీద ఇద్దరి వాదన

కేసంతా పాత చట్టంలోని ఒక వాక్యం మీద నడిచింది. కెనడా సమాఖ్య ఏర్పడక ముందే, 1849లో వచ్చిన చట్టమది. వసంతం, వేసవి, శరత్తుల్లో నీళ్లు పొంగినప్పుడు ఎవరైనా సరే అన్ని వాగుల్లోనూ దుంగలు తేల్చుకుపోవచ్చని, చెట్లు అడ్డం పడేసో మరో అడ్డంకి పెట్టో వాళ్లను ఆపకూడదని దాని సారాంశం.

చదివితే కాల్డ్‌వెల్‌దే సరైన వాదన అనిపిస్తుంది. కానీ 1863లో బోల్, డిక్సన్ల కేసులో కోర్టు దీనికి ఒక పరిమితి పెట్టింది. ‘అన్ని వాగులు’ అంటే సహజంగా దుంగలు తేలే వాగులేనని, మనిషి డబ్బు ఖర్చు పెట్టి తేలేలా చేసినవి ఇందులోకి రావని చెప్పింది. ఆ తీర్పును నమ్ముకునే మెక్‌లారెన్‌లాంటి వాళ్లు డబ్బు పెట్టారు. తర్వాత వచ్చి ‘ఆ తీర్పు తప్పు’ అంటే వాళ్ల గతేం కావాలి? మెక్‌లారెన్ వైపు బలమంతా ఇక్కడ ఉంది, దాన్ని తేలిగ్గా తీసిపారేయడానికి లేదు.

కేసు ఊగిసలాట చూడండి. కింది కోర్టు మెక్‌లారెన్ పక్షం. 1881లో ఒంటారియో అప్పీలు కోర్టు కాల్డ్‌వెల్ పక్షం. 1882లో కెనడా సుప్రీంకోర్టు మళ్లీ మెక్‌లారెన్ పక్షం. 1884లో లండన్‌లోని ప్రివీ కౌన్సిల్, అంటే అప్పటి బ్రిటిష్ వలసలన్నిటికీ ఆఖరి అప్పీలు కోర్టు, కాల్డ్‌వెల్ పక్షం. ఒక్క వాక్యానికి నాలుగు మెట్ల మీద మూడుసార్లు అర్థం తిరగబడింది.

లెక్కలోకి దిగితే ఎవరికేం పోతుంది

‘టోల్ కడతానంటున్నాడు కదా, దారి ఇస్తే పోయేదేముంది?’ అని ఎవరికైనా అనిపిస్తుంది. ఊహించుకున్న అంకెలతో ఓసారి లెక్క వేద్దాం. ఇవి ఆ కేసులోవి కావు, విషయం తెలియడానికి నేను వేసుకున్నవి.

ఒకాయన వాగు మీద 60,000 డాలర్లు పెట్టాడనుకోండి. వడ్డీ నూటికి ఆరు చొప్పున ఏడాదికి 3,600. మరమ్మతులకు 2,400. మొత్తం ఏడాదికి 6,000 డాలర్ల భారం. ఆయన దుంగలు 80,000, ఎగువ వ్యాపారివి 40,000, కలిపి లక్షా ఇరవై వేలు. దుంగకు 5 సెంట్లు పడుతుంది. ఎగువ వ్యాపారి 2,000 డాలర్లు టోల్ కడతాడు. కట్టినాయన భారం 6,000 నుంచి 4,000కు తగ్గింది. కాగితం మీద ఆయనకు లాభమే.

ఇప్పుడు దారి ఇవ్వకపోతే ఏమవుతుందో చూడండి. దారి ఉంటే అడవిలో నిలబడ్డ ఒక్కో దుంగ విలువ 50 సెంట్లు అనుకుందాం. దారి లేకపోతే ఎగువ వ్యాపారి ఆ చెట్లను ఇంకెవరికీ అమ్ముకోలేడు, దారి చేతిలో ఉన్నవాడు తప్ప కొనేవాడే ఉండడు. ఆయన 10 సెంట్లంటే 10 సెంట్లకే ఇచ్చుకోవాలి. దుంగకు 40 సెంట్ల చొప్పున 40,000 దుంగల మీద 16,000 డాలర్లు. అంటే ఏటా 2,000 టోల్ పుచ్చుకుంటే 16,000 లాభం చేజారుతుంది. ఆనకట్టకు అసలు విలువ పక్కవాడిని ఆపగలగడంలో ఉంది. పొలాల్లో ఎగువ రైతు బోదె కట్టేస్తే దిగువ రైతు చచ్చినట్టు ఆయన చెప్పిన ధరకు పొలం అమ్ముకోవడం లాంటిదే, కాకపోతే ఇక్కడ ఎగువా దిగువా తారుమారు.

అలాగని వాగు బాగు చేసినవాడి బాధంతా అత్యాశే అనలేం. ఆనకట్టలో నిలిపిన నీళ్లు ఒక్కసారే వదలగలరు. అవతలివాడి దుంగలు ముందు వచ్చి ఇరుకులో అడ్డం పడితే ఇవతలివాడి సీజన్ మొత్తం పోతుంది. ఆ నష్టాన్ని ఏ టోలూ పూడ్చలేదు.

ఒంటారియో చేసింది, ఒట్టావా కొట్టేసింది

అప్పుడు ఒంటారియో ప్రీమియర్ ఆలివర్ మోవాట్. 1872 నుంచి 1896 దాకా అదే కుర్చీలో ఉన్నాడు. ఒకప్పుడు కింగ్‌స్టన్‌లో జాన్ ఎ. మెక్‌డొనాల్డ్ ఆఫీసులోనే లాయరు పని నేర్చుకున్నవాడు. ఆ మెక్‌డొనాల్డ్ ఇప్పుడు దేశ ప్రధాని. ఇద్దరికీ పడదు.

కేసు ఇంకా కోర్టుల్లో ఉండగానే, 1881 మార్చిలో మోవాట్ ప్రభుత్వం వాగుల చట్టం తెచ్చింది. ఒంటారియోలో ఏ వాగులోనైనా, ఎవరు బాగు చేయించిన వాగైనా సరే, అందరూ దుంగలు తేల్చుకుపోవచ్చు. మెరుగులు చేసినవాడికి టోల్ కట్టాలి. ఆ టోల్ ఎంతో లెఫ్టినెంట్ గవర్నరు పేరిట ప్రభుత్వం నిర్ణయిస్తుంది. నిర్ణయించేటప్పుడు మొదట పెట్టిన ఖర్చు, నిర్వహణ, పెట్టుబడి మీద వడ్డీ లెక్కలోకి తీసుకోవాలి. పైన మనం వేసిన లెక్క ఈ సూత్రం ప్రకారమే.

మెక్‌లారెన్ ఒట్టావాకు, అంటే రాజధానిలోని కేంద్ర ప్రభుత్వానికి, పిటిషన్ పెట్టుకున్నాడు. మూడు నెలలు తిరక్కుండానే, 1881 మేలో, కేంద్రం ఆ చట్టాన్ని కొట్టేసింది. మోవాట్ 1882లో దాన్నే మళ్లీ పాస్ చేయించాడు. మళ్లీ కొట్టేశారు. 1883లో మూడోసారి, మళ్లీ అదే. 1884లో నాలుగోసారి పాస్ చేశాడు.

ఇంత మొండితనం ఎందుకంటే, కొట్టేసే కబురు వచ్చేదాకా ఆ చట్టం చట్టమే. కొట్టేయడం ఆ రోజు నుంచే అమలవుతుంది, వెనక్కి వెళ్లి అంతకుముందు జరిగినవి చెల్లవనదు. కొట్టేసినదాన్నే మళ్లీ చేయకూడదన్న నిబంధన కూడా రాజ్యాంగంలో లేదు. మోవాట్ ఆ సందును చక్కగా వాడుకున్నాడు.

కలిపి చూడకూడని మూడు అధికారాలు

ఇక్కడే చాలామంది తికమక పడతారు. పైనున్నవాళ్లు కింది సభ చేసిన చట్టాన్ని ఆపడానికి మూడు రకాల దారులున్నాయి.

మొదటిది గవర్నరు ఆమోదం ఇవ్వకపోవడం. బిల్లు అక్కడే ఆగిపోతుంది. రెండోది గవర్నరు తాను తేల్చకుండా బిల్లును పై ప్రభుత్వానికి పంపడం. పైవాళ్లు సరేనంటే చట్టమవుతుంది, లేకపోతే లేదు. ఈ రెండూ బిల్లు చట్టం కాకముందు జరిగేవి. మూడోది వేరు. ఆమోదం వచ్చి, గెజిట్‌లో పడి, అమలవుతున్న చట్టాన్ని పై ప్రభుత్వం కొట్టేయడం. మెక్‌లారెన్ వ్యవహారంలో జరిగింది ఈ మూడోదే. ఇంగ్లీషులో డిసలవెన్స్ అంటారు.

కెనడా 1867 రాజ్యాంగ చట్టం 56వ సెక్షన్ ఒట్టావా చేసిన చట్టాలను రెండేళ్ల లోపు కొట్టేసే అధికారం లండన్‌కు ఇచ్చింది. 90వ సెక్షన్ అదే అధికారాన్ని ప్రావిన్సుల చట్టాల మీద ఒట్టావాకు ఇచ్చింది, గడువు ఏడాది. కారణం చెప్పాలని ఎక్కడా లేదు. చట్టం ప్రావిన్సు పరిధిలో ఉన్నా సరే కొట్టేయవచ్చు. కోర్టు కొట్టేయడానికీ దీనికీ తేడా ఇదే. చట్టం చేసే అధికారం సభకు ఉందా లేదా అని కోర్టు చూస్తుంది. ఇక్కడ మాత్రం మాకు నచ్చలేదు అన్నా సరిపోతుంది.

అంత విశాలమైన అధికారాన్ని ఎప్పుడు వాడాలో 1868లో మెక్‌డొనాల్డే ఒక నోట్‌లో రాసుకున్నాడు. చట్టం రాజ్యాంగ విరుద్ధమైతే, ఉమ్మడి అంశాల్లో కేంద్ర చట్టంతో తగువు పడితే, దేశ ప్రయోజనాలకు అడ్డొస్తే వాడాలి, అదీ ఎంతో జాగ్రత్తగా. ‘అన్యాయంగా ఉంటే’ అన్న మాట ఆ జాబితాలో లేదు. 1871లో గుడ్‌హ్యూ అనే ధనవంతుడి వీలునామాను మార్చేస్తూ ఒంటారియో చట్టం చేసినప్పుడు ఎంతో గొడవైంది. చచ్చిపోయినవాడి మాటను శాసనసభ కాలరాస్తోందన్నారు. అయినా అది ప్రావిన్సు పరిధిలోనిదని చెప్పి ఇదే మెక్‌డొనాల్డ్ ముట్టుకోలేదు. పదేళ్లు తిరిగేసరికి మాట మారింది.

మెక్‌డొనాల్డ్ ఏమన్నాడు, మోవాట్ ఏమన్నాడు

మెక్‌డొనాల్డ్ వైపు వాదన ఇది. సహజంగా దేనికీ పనికిరాని వాగును ఒక మనిషి తన సొమ్ముతో పనికొచ్చేలా చేశాడు. ఆ నేల అతనిది. కోర్టు కూడా అతనివైపే ఆర్డరిచ్చింది. కేసు నడుస్తుండగా శాసనసభ జోక్యం చేసుకుని, అతని ఆస్తిని అతని పోటీదారుడికి అప్పగిస్తోంది. టోల్ ఇస్తాం అనడం నష్టపరిహారం కాదు. యజమానిని బలవంతంగా టోల్‌గేటు కాపలాదారుగా మార్చడమే. ఇలాంటి చట్టాలు నిలబడితే కెనడాలో డబ్బు పెట్టేవాడు ఉండడు. ఒక ప్రావిన్సులో ఆస్తికి భద్రత లేకపోతే దేశం మొత్తం పరువు పోతుంది, కాబట్టి ఇది స్థానిక విషయం కాదు.

మోవాట్ వైపు వాదన. నీటి దారులు ప్రజలవి. పైనున్న చెట్లలో ఎక్కువ భాగం సర్కారువి. దిగువన ఒకడు నాలుగు ఆనకట్టలు కట్టుకుని లోయ మొత్తాన్ని గుప్పిట్లో పెట్టుకుంటానంటే కుదరదు. ఖర్చూ, వడ్డీ తిరిగి వస్తున్నప్పుడు అన్యాయం ఎక్కడిది? అన్నిటికంటే ముఖ్యం, ఆస్తి, పౌర హక్కులు అన్న అంశాన్ని 92వ సెక్షన్ ప్రావిన్సులకే అప్పగించింది. మేం తప్పు చేస్తే ఒంటారియో ఓటర్లు మమ్మల్ని దించుతారు. న్యాయాన్యాయాలు చూడటానికి ఒట్టావాలో ఇంకో సభ అక్కర్లేదు.

తూచి చూస్తే, మొదటి ప్రశ్న మీద, అంటే చట్టం న్యాయమైనదా అన్నదాని మీద, మెక్‌లారెన్‌కు చెప్పుకోదగ్గ కేసు ఉందనే నా అభిప్రాయం. ముఖ్యంగా కోర్టులో ఉన్న తగాదా మధ్యలో ప్రభుత్వం దూరడం బాగాలేదు. రెండో ప్రశ్న మీద మాత్రం మోవాట్‌దే పైచేయి. సెక్షన్ 90 అక్షరాలా ఒట్టావాకు అధికారం ఇచ్చిందన్నది నిజమే. కానీ మెక్‌డొనాల్డ్ తానే గీసుకున్న గీతను తానే దాటాడు. దాటడానికి ఎంచుకున్న సందర్భంలో లబ్ధిదారు తన పార్టీ మనిషి.

పార్టీ రంగులు

మెక్‌లారెన్ కన్సర్వేటివ్, మెక్‌డొనాల్డ్ పార్టీ. కాల్డ్‌వెల్ కుటుంబం లిబరల్, మోవాట్ పార్టీ. బాయిడ్ కాల్డ్‌వెల్ కొడుకు విలియం క్లైడ్ కాల్డ్‌వెల్ అప్పుడు ఒంటారియో శాసనసభలో లిబరల్ సభ్యుడు. ఈ వివరం తెలిశాక ప్రావిన్సు హక్కులు, ఆస్తి హక్కులు అన్న పెద్ద మాటల వెనక చిన్న లెక్కలు కూడా కనిపిస్తాయి. ఇద్దరూ తమవాళ్ల కోసమే అధికారం వాడారన్నది ఒక వర్గం చరిత్రకారుల మాట. అది కొట్టిపారేయదగ్గది కాదు గానీ, దానితోనే అంతా తేలదు. మోవాట్ చట్టం ఒక్క కాల్డ్‌వెల్‌కే కాదు, ఒంటారియోలోని ప్రతి కలప వ్యాపారికీ వర్తిస్తుంది. పైగా అదే కాలంలో ఒట్టావాతో ఒంటారియోకు ఇంకో రెండు తగాదాలు నడుస్తున్నాయి, పశ్చిమ సరిహద్దు ఒకటి, సారా లైసెన్సులు ఇంకోటి. ఒక చోట తగ్గితే మిగతా చోట్లా తగ్గాల్సి వస్తుందన్న లెక్క రెండు వైపులా ఉంది.

ఈ గొడవ మొత్తంలో ఊసే లేనివాళ్లు ఆల్గాంక్విన్ ప్రజలు. ఒట్టావా నది లోయ వాళ్ల నేల. ఈ ప్రాంతం మీద బ్రిటిష్‌వాళ్లు 1819, 1822ల్లో చేసుకున్న కొనుగోలు ఒప్పందం మిస్సిసాగాలతో, ఆల్గాంక్విన్లతో కాదు. వాగు మెక్‌లారెన్‌దా, జనానిదా అని నాలుగు కోర్టులు వాదించుకున్నాయి గానీ, అది అసలు సర్కారు చేతికి ఎలా వచ్చిందని ఈ కేసులో ఎవరూ అడగలేదు. ఒంటారియోలో ఆల్గాంక్విన్ల భూమి దావా మీద ప్రాథమిక ఒప్పందం కుదిరింది 2016లో.

లండన్ తీర్పు

1884 ఏప్రిల్‌లో ప్రివీ కౌన్సిల్ తీర్పు చెప్పింది. మన జమీందారీ దావాలు కూడా చివరికి చేరేది ఆ గుమ్మానికే. లార్డ్ బ్లాక్‌బర్న్ చదివిన తీర్పు సారం సులువైనది. చట్టం ‘అన్ని వాగులు’ అంది, దానికి అన్ని వాగులనే అర్థం. సహజంగా తేలేవి మాత్రమే అన్న పరిమితి చట్టం మాటల్లో లేదు. 1863 నాటి తీర్పు తప్పు. కాల్డ్‌వెల్ దుంగలు దాటించుకోవచ్చు.

ఇక్కడ ఒక విచిత్రం ఉంది. 1849 చట్టంలో టోల్ మాటే లేదు. దాని ప్రకారమే తీర్పు వచ్చింది కాబట్టి, కాల్డ్‌వెల్‌కు దొరికింది ఉచితంగా దాటే హక్కు. మెక్‌లారెన్‌కు టోల్ దక్కేలా చేసేది మోవాట్ చట్టమే. మెక్‌లారెన్ పిటిషన్లు పెట్టి మూడుసార్లు కొట్టేయించింది కూడా దాన్నే. నాలుగోసారి పాస్ చేసిన చట్టాన్ని ఒట్టావా ఇక ముట్టుకోలేదు.

ఈ తీర్పు రెండో ప్రశ్నకు జవాబు చెప్పలేదన్నది చాలామంది గమనించరు. చట్టాలను కొట్టేసే అధికారం ఒట్టావాకు ఉందా అని లండన్‌ను ఎవరూ అడగలేదు, వాళ్లూ చెప్పలేదు. పాత చట్టంలో ఒక వాక్యానికి అర్థం చెప్పారంతే. దానితో మెక్‌డొనాల్డ్ కాళ్ల కింద నేల కదిలిపోయింది. ‘కోర్టు గుర్తించిన ఆస్తిని కాపాడుతున్నాం’ అన్నది ఆయన వాదన. అలాంటి ఆస్తి హక్కు అసలు లేదని అన్నిటికంటే పై కోర్టు తేల్చేసింది.

ఆ తర్వాత

కేసు ఓడినా మెక్‌లారెన్ జీవితం దెబ్బతినలేదు. 1880ల్లోనే కార్ల్‌టన్ ప్లేస్ వ్యాపారాన్ని అమ్ముకున్నాడు. 1890లో మెక్‌డొనాల్డ్ సిఫారసు మీద సెనేటర్ అయ్యాడు. కెనడా సెనేట్‌కు ఎన్నికలుండవు, నియామకమే, అప్పట్లో అది జీవితాంతం. 1919లో చనిపోయేదాకా సెనేట్‌లోనే ఉన్నాడు. ఎన్నికల్లో గెలవకుండా దాదాపు ముప్ఫై ఏళ్ల రాజకీయ పదవి. ఆయన్ని రాజకీయవేత్త అని రాస్తారు గానీ, రాజకీయాల మీద ఆయన వేసిన ముద్రంతా సెనేట్‌లోకి రాకముందు, ఓడిపోయిన ఆ దావాతో పడిందే.

ఇక చట్టాలను కొట్టేసే అధికారం సంగతి. 1887లో క్యూబెక్‌లో ప్రావిన్సుల ప్రీమియర్లు సమావేశమయ్యారు, అధ్యక్షుడు మోవాట్. ఒట్టావా చేతిలోంచి ఈ అధికారం తీసేయాలని తీర్మానించారు. ఎవరూ తీసేయలేదు. మానిటోబా రైల్వే చట్టాల మీద అదే దశకంలో వరసగా వాడారు. 1930ల్లో అల్బర్టా చట్టాల మీద వాడారు. 1938లో కెనడా సుప్రీంకోర్టు ఆ అధికారం ఇంకా సజీవంగానే ఉందని చెప్పింది. 1943లో చివరిసారి వాడారు, అదీ అల్బర్టా చట్టం మీదే. 1867 నుంచి అప్పటిదాకా మొత్తం 112 ప్రావిన్సు చట్టాలు ఇలా పోయాయి. 1982లో రాజ్యాంగాన్ని సవరించినప్పుడు కూడా 90వ సెక్షన్‌ను తొలగించలేదు. పుస్తకంలో ఉంది, ఎవరూ వాడరు.

మన చర్చతో ఎంతవరకు పోలుస్తారు

పోలిక కొంతవరకే నడుస్తుంది. బ్రిటిష్ కాలం నాటి మన 1935 భారత ప్రభుత్వ చట్టంలో, గవర్నరు ఆమోదించిన చట్టాన్ని కూడా పన్నెండు నెలల్లోపు కొట్టేసే అధికారం బ్రిటన్ రాజుకు ఉండేది. 1950 రాజ్యాంగంలోకి అది రాలేదు. రాష్ట్ర శాసనసభ చేసిన బిల్లు ఒకసారి చట్టమయ్యాక కేంద్ర ప్రభుత్వం ఒక ఉత్తర్వుతో దాన్ని కొట్టేయలేదు. మన దగ్గర గొడవంతా పైన చెప్పిన మొదటి రెండు దారుల మీద, అంటే 200, 201 అధికరణాల మీద. కాబట్టి మోవాట్ ఆడిన ఆట ఇక్కడ కుదరదు. పాస్ చేశాం కదా, కొట్టేసేదాకా అమల్లో ఉంటుంది అనుకోవడానికి లేదు, ఆమోదం దొరికేదాకా అది బిల్లే.

గడువు విషయంలో మాత్రం కథ తలకిందులుగా ఉంది. కెనడాలో అధికారం పెద్దదైనా ఏడాది దాటితే అది పోతుంది. మన 201వ అధికరణంలో రాష్ట్రపతికి గడువు లేదు, 200లో గవర్నరుకు ‘వీలైనంత త్వరగా’ తిప్పి పంపాలన్న మాటే తప్ప రోజుల లెక్క లేదు. 2025 ఏప్రిల్ తీర్పు నెలల లెక్కన గడువులు పెట్టింది. తమిళనాడు పది బిల్లులు ఆమోదం పొందినట్టే అంది. నవంబరులో అయిదుగురు జడ్జిల ధర్మాసనం అలా కోర్టు గడువులు పెట్టడానికి లేదని, ఆమోదం వచ్చినట్టు అనుకోవడం కుదరదని చెప్పింది. అయితే కారణం లేకుండా ఎంతకాలమైనా బిల్లు మీద కూర్చుంటే, ఏదో ఒకటి తేల్చమని కోర్టు చెప్పవచ్చంది.